అమ్మకు 88 ఏళ్లు, ట్యాబ్ బీరువాలో ఉంది

ప్రశ్న: మా అమ్మకు 88 ఏళ్లు. భీమవరంలో తమ్ముడి దగ్గర ఉంటుంది. నాన్న పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు, పోయి చాలా ఏళ్లయింది. మొన్నమొన్నటిదాకా ఇంట్లో ఏ పని ఎప్పుడు జరగాలో అమ్మే చెప్పేది. తద్దినాలు, పుట్టినరోజులు, కౌలు డబ్బు ఎప్పుడు రావాలి, ఆవకాయకి కాయ ఎప్పుడు తెప్పించాలి, అన్నీ డైరీలో రాసుకునేది. రెండేళ్లుగా చెయ్యి వణుకుతోందని రాయడం మానేసింది. ఇప్పుడు రోజంతా టీవీ ముందే. నేను ఫోన్ చేస్తే ‘ఇవాళ ఏ తిథే?’, ‘డాక్టర్ దగ్గరికి ఎప్పుడే?’ అంటుంది. చెప్పినా సాయంత్రానికి మళ్లీ అదే అడుగుతుంది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు ట్యాబ్ కొనిచ్చాడు. బ్రెయిన్ గేమ్స్ వేసి రోజూ అరగంట ఆడమన్నాం. నాలుగు రోజులు చూసి బీరువాలో పెట్టేసింది. ‘ఈ వయసులో ఆవిడకి ఇవన్నీ ఎందుకక్కా’ అంటాడు తమ్ముడు. నేను నిజంగానే బలవంతం చేస్తున్నానా? ఇంత దూరంలో ఉండి నేను చేయగలిగిందేమిటి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

సమాధానం: మీ ఉత్తరం చదివాక నా మనసులో ఉండిపోయింది ఆ డైరీ. ఇంటిల్లిపాది పనులకీ తేదీలు పెట్టిన మనిషి రెండేళ్లుగా ఏ తేదీ పెట్టడం లేదు. చెయ్యి వణికి ఆవిడ రాయడం మానేశారు. ఆవిడ రాయడం మానేశాక మీరంతా అడగడం మానేసి ఉంటారు. తద్దినం ఎప్పుడో పురోహితుణ్ణి అడిగేస్తారు, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎవరో ఫోన్‌లో తీసుకుంటారు, బయల్దేరే రోజు పొద్దున ఆవిడకి చెబుతారు. పెద్దావిడకి శ్రమ ఎందుకన్న ప్రేమే ఇదంతా. కానీ ఆవిడకి మాత్రం జీవితమంతా చేసిన పని చేజారిపోయింది. దాని బదులు దొరికినవి రంగు గళ్లు జరిపే ఆటలు. ఆ ట్యాబ్‌ని బీరువాలో పెట్టడంలో ఆవిడ తప్పేమీ నాకు కనిపించలేదు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. 88 ఏళ్ల మనిషికి ట్యాబ్ నేర్పాలనుకోవడం బలవంతం కాదు. ఆవిడకి అక్కర్లేని పనికోసం నేర్చుకోమనడం బలవంతమే. ముందు ఆవిడ పని ఆవిడకి తిరిగి అప్పగించండి. ఆ పనికి ఎంత అవసరమో అంత మటుకే ట్యాబ్‌ని తీసుకురండి.

ఆ పని మీ ఇంటి క్యాలెండర్. గూగుల్ క్యాలెండర్‌లో ఇంటి పేరుతో ఒకటి కొత్తగా తెరిచి మీకు, తమ్ముడికి, డల్లాస్‌లో అబ్బాయికి, అమ్మగారి ట్యాబ్‌కి కలిపి పెట్టండి. కొత్తది తెరవడం, పంచుకోవడం కంప్యూటర్‌లో చేస్తే తేలిక. ఆ తర్వాత అందరికీ ఫోన్‌లోనే కనిపిస్తుంది. అందులో ఏది ఎక్కాలన్నా అమ్మగారు చెప్పాలి. ఎక్కించే చెయ్యి ఎవరిదైనా ఫరవాలేదు.

‘ఇది ఆవిణ్ణి సంతోషపెట్టడానికి ఇచ్చే ఉత్తుత్తి పని కదా’ అని మీకు అనిపించవచ్చు. కాదు. మన చాంద్రమాన సంవత్సరం ఇంగ్లిష్ సంవత్సరం కన్నా దాదాపు 11 రోజులు చిన్నది. అందుకే తిథుల ప్రకారం వచ్చేవన్నీ ఏటా వెనక్కి జరుగుతూ వస్తాయి, ఆ తేడా సర్దడానికి మధ్యలో అధిక మాసం వస్తుంది. 2023లో శ్రావణం అధికం, 2026లో జ్యేష్ఠం అధికం. ‘ఏటా ఇదే తేదీకి గుర్తుచెయ్యి’ అని ఫోన్‌లో పెడితే అది మీ అబ్బాయి పెళ్లిరోజుకి సరిపోతుంది, మీ నాన్నగారి తద్దినానికి సరిపోదు. అధిక మాసం వచ్చిన ఏడు తద్దినం ఎలా పెట్టాలో, అందులో మీ ఇంటి ఆచారమేమిటో చెప్పగలిగిన మనిషి ఆవిడే. మీ అబ్బాయి సంగతి ఇంకా చిక్కు. మన తిథి అక్కడి సూర్యోదయంతో చూస్తే ఒక్కోసారి ముందు రోజుకే పడుతుంది. వినాయక చవితి ఏ రోజు చేసుకోవాలని ఏటా ఎవరినో ఒకరిని అడుగుతూనే ఉంటాడు. ఇకమీదట అమ్మమ్మని అడగమనండి.

కొత్త పంచాంగం ఇంటికి రాగానే మనవడూ అమ్మమ్మా వీడియో కాల్‌లో కూర్చోవాలి. ఉగాది రోజుల్లో డల్లాస్‌లో రాత్రి ఎనిమిదైతే భీమవరంలో మర్నాడు పొద్దున ఆరున్నర. అది ఇద్దరికీ కుదిరే వేళే. ఆవిడ పేరూ తిథీ చెబుతారు, పంచాంగంలో తేదీ వెతికి చెబుతారు, అతను ఎక్కిస్తాడు. అక్షరాలు ఆనకపోతే ట్యాబ్ కెమెరాతో పేజీని పెద్దది చేసి చూడొచ్చు. ఒక్క పూటలో అయ్యే పని కాదు, కాకపోవడమే మంచిది. నాలుగైదు కాల్స్ పట్టనివ్వండి. ఒక్కో పేరు దగ్గరా కథ వస్తుంది. మీ అబ్బాయి వినని మనుషుల పేర్లు బయటికొస్తాయి.

వారానికి ఒకసారి, సోమవారం పొద్దున అనుకుందాం, ఆ వారంలో ఏమున్నాయో ఆవిడే క్యాలెండర్ చూసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాలి. ‘గురువారం నాకు కళ్ల డాక్టరు. శనివారం చిన్నవాడి పుట్టినరోజు, అందరూ ఫోన్ చేయండి’ అని. రాయనక్కర్లేదు, మాట్లాడితే చాలు. మీరంతా దానికి జవాబివ్వాలి, చేతులు జోడించిన బొమ్మతో సరిపెట్టకండి. ఆవిడ చెప్పకపోతే ఆ వారం ఎవరికీ తెలియదన్నంతగా ఆ మెసేజ్ మీద ఆధారపడండి.

గోడ మీద వెంకట్రామా క్యాలెండర్‌ని మాత్రం తీసేయకండి. లావుపాటి స్కెచ్ పెన్‌తో గుండ్రంగా చుట్టడానికి వణికే చెయ్యి కూడా చాలు. ట్యాబ్‌లో ఉన్నవే గోడ మీదా ఉంటే ఆవిడకి ధైర్యంగా ఉంటుంది. ‘ఇవాళ ఏ తిథే’ అని ఫోన్‌లో అడిగితే విసుక్కోకుండా ‘నువ్వే చూసి చెప్పమ్మా, నాకూ కావాలి’ అనండి. డాక్టర్ విషయంలోనైతే అపాయింట్‌మెంట్ తీసుకోకముందే ‘మంగళవారం పొద్దున్న వెళ్దామా, బుధవారం సాయంత్రమా’ అని ఆవిణ్ణి అడగండి. తనే ఎంచుకున్న రోజు గుర్తుండటం కాస్త తేలిక. ఒకవేళ మర్చిపోయినా, నిర్ణయం ఆవిడదే కదా.

బ్రెయిన్ గేమ్స్ తీసేయండి. మెదడుకి పదును పెడతామని చెప్పుకునే ఇలాంటి ఆటలమ్మే లుమోసిటీ అనే అమెరికన్ సంస్థ మీద, రుజువులు లేకుండా ప్రకటనలు చేసిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2016లో 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆటలు ఆడితే ఆ ఆటలో నేర్పు పెరుగుతుంది, అది రోజువారీ జ్ఞాపకశక్తికి ఎంత మేలు చేస్తుందన్నది అనుమానమే. దానికన్నా కొత్త పని నేర్చుకోవడం మేలని చూపిన పరిశోధన ఒకటి మీ అబ్బాయి ఉండే ఊళ్లోనే జరిగింది. డల్లాస్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ పరిశోధకులు 60 నుంచి 90 ఏళ్ల వాళ్లలో కొందరికి మూడు నెలలపాటు డిజిటల్ ఫొటోగ్రఫీ, బొంతలు కుట్టడం లాంటివి నేర్పారు. తెలిసిన తేలిక పనులతోనో కబుర్లతోనో పొద్దుపుచ్చిన వాళ్లకన్నా వీళ్ల జ్ఞాపకశక్తి మెరుగుపడిందని 2014లో ప్రచురించారు. వాళ్లు వారానికి 15 గంటల దాకా కష్టపడ్డారు, అంత మీ అమ్మగారి వయసుకి అక్కర్లేదు. కొంచెం కష్టమైన, పనికొచ్చే పని ఏదో ఒకటి చేతిలో ఉంటే చాలు.

ఇక హైదరాబాద్‌లో ఉండి మీరు ఏం చేయగలరన్న ప్రశ్న. మాట్లాడగలరు. తేలిగ్గా తీసుకుని చెబుతున్న మాట కాదిది. అమెరికాలో ఐ-కనెక్ట్ అని ఒక పరిశోధన జరిగింది. 75 దాటి, మనుషుల పలకరింపు కరువైన 186 మందిని తీసుకున్నారు. కొందరితో శిక్షణ పొందినవాళ్లు వారానికి నాలుగుసార్లు, అరగంట చొప్పున, వీడియో కాల్‌లో కబుర్లు చెప్పారు. మిగతావాళ్లకి వారానికోసారి పది నిమిషాల ఫోన్ మాత్రమే. ఆరు నెలలయ్యాక చూస్తే వీడియోలో మాట్లాడిన వాళ్లు ఆలోచన, జ్ఞాపకాల పరీక్షల్లో కొంత మెరుగ్గా ఉన్నారు. తేడా పెద్దదేం కాదు, కానీ ఆ వయసులో ఆ కొంతే ఎంతో. ఇందులో మందులు లేవు, ఖర్చు లేదు. వారానికి నాలుగు అరగంటలు మీరూ మీ అబ్బాయీ పంచుకోవచ్చు.

అయితే ‘తిన్నావా, మాత్రలు వేసుకున్నావా, కాళ్ల నొప్పులెలా ఉన్నాయి’ అన్నది కబుర్లు చెప్పుకోవడం కాదు. మూడు ప్రశ్నలకీ ‘ఆఁ’ అంటే అయిపోతుంది. మీకు నిజంగా తెలియనిది అడగండి. నాన్న ట్రాన్స్‌ఫరైన ఊళ్లలో ఏ ఊరి ఇల్లు బాగుండేది, గోదావరి పుష్కరాలకి ఎవరెవరు వచ్చారు, ఆ రోజుల్లో పెళ్లికి ఎన్ని విస్తళ్లు లేచేవి. పాత ఆల్బమ్‌లోని ఫొటోలు మీ ఫోన్‌తో తీసి ట్యాబ్‌కి పంపి, ఒక్కో రోజు ఒక్కో ఫొటో మీద మాట్లాడుకోండి. ఆవిడ ఒప్పుకుంటే రికార్డు చేయండి. గుంటూరు జిల్లా మస్తానమ్మగారు వందేళ్లు దాటాక యూట్యూబ్‌లో వంటలు చేసి ఎంత పేరు తెచ్చుకున్నారో మీకు తెలిసే ఉంటుంది. కెమెరా సంగతి మునిమనవడు, అతని స్నేహితుడు చూసుకున్నారు, ఆవిడ ఆవిడ పనే చేశారు. తెర తాకడం వచ్చినవాళ్లే టెక్నాలజీని వాడుతున్నట్టని నేను ఎప్పుడూ అనుకోను.

ఇప్పుడు ట్యాబ్ దగ్గరికి వద్దాం. మొదటి తెర మీద నాలుగంటే నాలుగే ఉంచండి. వీడియో కాల్‌కి మీ ముఖం, మనవడి ముఖం, క్యాలెండర్, రేడియో. ఆకాశవాణిది న్యూస్ ఆన్ ఎయిర్ అని యాప్ ఉంది, అందులో తెలుగు కేంద్రాలు వస్తాయి. విజయవాడ కేంద్రం 1948 నుంచి ఉంది. అది విని పెరిగిన తరం మీ అమ్మగారిది, దానికి కొత్తగా నేర్పాల్సిందేమీ ఉండదు. మిగతావన్నీ కనబడకుండా చేయండి. భాష తెలుగుకి మార్చండి. అక్షరాలు, బొమ్మలు బాగా పెద్దవి చేయండి.

జపాన్‌లో మసాకో వాకమియా అనే ఆవిడ 81 ఏళ్ల వయసులో, 2017లో, ఐఫోన్‌కి ఒక ఆట తయారుచేశారు. మన బొమ్మల కొలువు లాంటి పండుగ వాళ్లకీ ఉంది. మెట్ల మీద ఏ బొమ్మ ఎక్కడ కూర్చోవాలో సర్దడమే ఆ ఆట. అందులో వేలితో తట్టడం తప్ప తెర మీద జరపడం, లాగడం ఉండవు. పెద్దవాళ్ల వేళ్లకి అవి కష్టమని తనకు తెలుసు కాబట్టి అలా చేశారు. మీరూ అదే సూత్రం పెట్టుకోండి. అమ్మగారు చేయాల్సిన ప్రతి పనీ తట్టడంతో అయిపోవాలి. చెయ్యి వణికితే ఒక్క తాకు రెండు తాకులవుతుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట, ఎంతసేపు తాకితే తాకినట్టు లెక్కించాలో మార్చుకునే వీలు చాలా ట్యాబుల్లో ఉంటుంది. వయసుతో వేలి కొసలు పొడిబారి తెర స్పందించకపోవడం కూడా మామూలే. ‘నా వేలికి ఇది పలకదే’ అని ఆవిడ అంటే నమ్మండి. మెత్తటి మొన ఉన్న స్టైలస్ పెన్ను ఒకటి కొనివ్వండి, డైరీ రాసిన చేతికి పెన్ను కొత్త కాదు. ఆవిడ ఎప్పుడూ కూర్చునే కుర్చీ పక్కన, స్టాండు మీద, ఛార్జింగ్ పెట్టే ఉంచండి. బీరువాలోకి వెళ్లిన వస్తువు మళ్లీ బయటికి రాదు. కరెంటు పోతే వైఫై పోతుంది కాబట్టి అందులో సిమ్ ఉంటే మంచిది.

తెలుగులో మాట్లాడితే ట్యాబే రాసిపెడుతుంది. కీబోర్డులో మైకు బొమ్మ ఉంటుంది, 2017 నుంచి గూగుల్ కీబోర్డులో తెలుగుకి ఈ సౌకర్యం ఉంది. ఆవిడ డైరీని మళ్లీ మొదలుపెట్టడానికి నాకు కనిపిస్తున్న దారి ఇదే. రోజుకి రెండు మాటలు చాలు. ‘పాలవాడికి డబ్బిచ్చాను. కాయ ఈసారి బాగాలేదు.’ గోదావరి యాసని అది ఒక్కోసారి తప్పుగా రాస్తుంది, దిద్దడానికి ఎవరైనా పక్కన కూర్చోవాలి. ఇక జెమిని లాంటి ఏఐ సహాయకులతో తెలుగులోనే ముచ్చటించవచ్చు. సరదాకి పొడుపు కథలు అడగనివ్వండి. పద్యం చెప్పమంటే చాలాసార్లు తప్పు చదువుతుంది, అమ్మగారికి పద్యాలు వచ్చి ఉంటే దాన్ని దిద్దడం ఆవిడకి మంచి కాలక్షేపం. మందుల విషయం, తిథుల విషయం మాత్రం దాన్ని అడిగి నమ్మొద్దని గట్టిగా చెప్పండి.

నేర్పే విషయంలో ఒకే మాట చెబుతాను. ఆవిడ చేతిలోంచి ట్యాబ్ లాక్కుని ‘ఇలాగమ్మా’ అని చేసి చూపించకండి. ఎంత ఆలస్యమైనా వేలు ఆవిడదే అయి ఉండాలి. ఒక్క పని వచ్చేదాకా రెండోది ఎత్తకండి. పొద్దున కాఫీ తాగాక కూర్చోబెట్టండి, మధ్యాహ్నం భోజనమయ్యాక వద్దు.

ఇవన్నీ మొదలుపెట్టేముందు మీ మరదలితో మాట్లాడారా? మీ ఉత్తరంలో ఆ అమ్మాయి ప్రస్తావనే లేదు. ఛార్జరు ఊడిపోయినా, సౌండ్ రాకపోయినా, వీడియో కాల్‌లో పైకప్పు కనిపిస్తున్నా పిలుపు వెళ్లేది తనకే. హైదరాబాద్ నుంచి మీరు, డల్లాస్ నుంచి మీ అబ్బాయి వేసే ప్రతి ఆలోచనకీ భీమవరంలో తను పది నిమిషాలు ఖర్చుపెట్టాలి. కాబట్టి తను వద్దన్నది చేయకండి, తనకు వీలైన వేళలోనే మొదలుపెట్టండి. రీఛార్జ్ మీరే చేయించండి. వీధిలో డిగ్రీ చదివే పిల్లలెవరైనా ఉంటే వారానికి ఒక సాయంత్రం వచ్చి కూర్చునేలా మాట్లాడి, వాళ్లకి ఏదైనా ఇవ్వండి. పెద్దవాళ్లు సొంత పిల్లల దగ్గర కన్నా పరాయి పిల్లల దగ్గర తొందరగా నేర్చుకుంటారు, కసురుకునే భయం ఉండదు కనుక.

డాక్టర్ విషయం వాయిదా వేయకండి. చెప్పిందే మళ్లీ అడగడం, రెండేళ్లుగా చెయ్యి వణకడం, ఈ రెండూ కలిపి ఒక జనరల్ ఫిజిషియన్‌కో న్యూరాలజిస్టుకో చెప్పాలి. బి12 లోపం, థైరాయిడ్, వాడుతున్న మందుల ప్రభావం, నిద్రలేమి, దిగులు, వీటిలో ఏదైనా మతిమరుపులా కనిపించవచ్చు. వీటికి చికిత్స ఉంది. డిమెన్షియా మొదలవుతున్నా తొందరగా తెలియడం నయం. చెవులు, కళ్లు తప్పకుండా పరీక్ష చేయించండి. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో, మనం జాగ్రత్త పడగలిగిన డిమెన్షియా కారణాలు 14 చెప్పింది. వాటిలో వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం మూడూ ఉన్నాయి. సగం వినబడక మీరు చెప్పిన తేదీ ఆవిడ చెవిన పడలేదేమో కూడా చూసుకోవాలి. వీడియో కాల్‌లో ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే పెదవులు చూసి కూడా అందుకుంటారు.

మీ నాన్నగారు పోస్టల్ ఉద్యోగి అన్నారు కాబట్టి ఇంకో మాట. పింఛను కోసం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి ఆవిణ్ణి ఆఫీసు చుట్టూ తిప్పనక్కర్లేదు. జీవన్ ప్రమాణ్ పద్ధతి 2014లో వచ్చింది, 2021 నుంచి ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోనే ఇవ్వొచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన వాళ్లకి ఇది ఎంతో మేలు. కేంద్ర ప్రభుత్వ పింఛన్లలో 80 దాటినవాళ్లకి నవంబరు దాకా ఆగకుండా అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది. అలాగే 80 దాటితే 20 శాతం, 85 దాటితే 30 శాతం అదనపు పింఛను ఫ్యామిలీ పింఛనుకీ వర్తిస్తుంది. అమ్మగారికి 30 శాతం పడుతోందో లేదో బ్యాంకు పాస్‌బుక్‌లో ఒకసారి చూడండి. ఈ అక్టోబరు తేదీని కూడా క్యాలెండర్‌లో ఎక్కించమని ఆవిడకే చెప్పండి.

ఆ ట్యాబ్‌లో బ్యాంకు యాప్ గానీ, ఫోన్‌పే లాంటివి గానీ ఉండకూడదు. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ అందులో వేయొద్దు. వాట్సాప్‌లో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే సెట్టింగ్ ఉంది, అది పెట్టండి. గ్రూపుల్లో తెలిసినవాళ్లే చేర్చేలా మార్చండి. పోలీసులమని వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్ట్’ అనేవాళ్ల గురించి ఆవిడకి ముందే చెప్పండి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఏదైనా జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇంత చేసినా ఆవిడ ‘నాకొద్దే’ అంటే? వదిలేయండి. మీ ప్రయత్నం వృథా అయినట్టు కాదు. గోడ క్యాలెండర్, పంచాంగం, బటన్ల ఫోను ఉన్నా ఆవిడ ఈ పని చేయగలరు. ట్యాబ్ మీ మరదలి చేతిలో ఉంటుంది, మాట ఆవిడది అవుతుంది, అంతే తేడా. తమ్ముడికి కూడా ఇలాగే చెప్పండి. ‘అమ్మకి ట్యాబ్ నేర్పుదాం’ అంటే అతను మళ్లీ ఎందుకక్కా అంటాడు. ‘ఈసారి నాన్న తద్దినం తేదీ అమ్మనే చూడమందాం’ అంటే కాదనడు.

ఇంకొక పెద్ద పని కూడా ఆవిడకి ఇప్పుడే అప్పగించవచ్చు. 2027లో గోదావరి పుష్కరాలు. నరసాపురం భీమవరానికి దగ్గర, కొవ్వూరు, రాజమండ్రి ఉండనే ఉన్నాయి. 2015లో రాజమండ్రిలో మొదటి రోజే తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి, కాబట్టి మొదటి రోజు, సెలవు రోజు అనే మాటే వద్దు. ఏ రేవుకి వెళ్లాలి, కారు ఎంత దూరం పోతుంది, ఎవరెవరు వస్తారు, ఎవరి పేరున పిండప్రదానం చేయాలి, ఒకవేళ తాను రాలేకపోతే నీళ్లు ఎవరు తెచ్చిపెట్టాలి, అన్నీ ఆవిడే తేల్చాలి. గూగుల్ మ్యాప్స్‌లో రేవులు చూపించి మీరు అడగండి. మీ అబ్బాయి టికెట్లు బుక్ చేసుకునేముందు ఏ తేదీలకి రావాలో అమ్మమ్మని అడిగి చేసుకోమనండి.